ఖాళీ గదికి కాపలా

వంటగది పక్క సామాన్ల కొట్లో
ఉప్పులో ఊరే క్యాబేజీ జాడీకి ఎడంవైపు
నల్లపెట్టె ఒకటి.
రెండు డిస్కులు దాని పొట్టలో
రాత్రంతా పిల్లి గురకలా తిరుగుతుంటాయి.
"నీ రెండో సంసారం" అంటుంది మా ఆవిడ స్లావ్కా.

ఇద్రియాలో పాదరసం గని మూతపడ్డాక
పంపుల మేస్త్రీని నేను, చేతులు ఊరుకోక,
పొరుగింటి తిల్కా లేసు నమూనాలు
స్కాన్ చేసిపెడతానన్నాను.
వాళ్ళమ్మ గీసినవి, పెద్దమ్మ గీసినవి,
ఎవరు గీశారో ఎవరికీ గుర్తులేనివి,
గుండుసూదుల బెజ్జాలతో జల్లెడైన కాగితాలు
నాలుగు వేల మూడొందల పన్నెండు.

రెండు డిస్కులున్నాయిగా, ఒకటి పోతే ఇంకోటి అన్నాను.
మేనల్లుడు మతియ నవ్వాడు.
"అవి అద్దం ముందు మనిషి లాంటివి మావయ్యా,
నువ్వు చెరిపితే అదీ చెరుపుతుంది,
ఇల్లు అంటుకుంటే అద్దమూ కాలుతుంది.
ఒక కాపీ ఊరు దాటాలి."

వాడు ఎక్కించిన బ్యాకప్ ప్రోగ్రాం
పెద్ద కంప్యూటర్ల కోసం పుట్టిందట.
మా పెట్టె మెమరీ పిడికెడు.
పిచ్చుక గూట్లో పెళ్ళి భోజనాలు.
రాత్రి రెండింటికి ఊపిరాడక పడిపోయేది,
ఉన్ని మేజోళ్ళతో లేచి వెళ్ళి లేపేవాణ్ణి.
ఆ చీకట్లో, ఆ చల్లటి నేల మీద,
నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే ఉండేది.
షిఫ్టు మళ్ళీ దొరికింది.

మూడు శాతం. నాలుగు.
టీవీలో స్కీ జంపింగ్ వస్తుంటే
దూకినవాడు గాల్లోనే బిగుసుకుపోయేవాడు.
"నీ లేసులు ఆపు! పాపం, వాణ్ణి దిగనీ!"
కొట్లోకి వినబడేలా స్లావ్కా కేక.

అరవై ఒకటో రోజున నూరు.
అప్పట్నించీ రోజూ పొద్దున్నే ఒక ఉత్తరం,
పచ్చ గుర్తు, ఉభయకుశలోపరి.
నాలుగు నెలలు చదివాను దాన్ని,
చదివినట్టు తల ఊపాను.

మే నెలలో తిల్కా వచ్చింది.
పాము మెలికల అంచు కావాలి,
కాగితాన్ని ఎలుక కొరికింది.
పెట్టెలోంచి తీస్తే నిమిషం పని.
గొప్పకు పోయి, ఉండు, ఆకాశంలోంచి దించుతానన్నాను.

ఫోల్డరు తెరుచుకుంది.
లోపల ఏమీ లేదు.

శీతాకాలపు అప్‌డేట్‌లో దారి పేరు ఒక్క అక్షరం మారింది.
ప్రోగ్రాం రోజూ నియమంగా
ఖాళీ గదికి వెళ్ళేది,
సున్నాని సున్నాతో సరిచూసేది,
తాళం వేసేది, ఉత్తరం రాసేది.
పాతవన్నీ యజమానే చెరిపాడనుకుని
తొంభై రోజులాగి
మర్యాదగా ఊడ్చేసింది.

గనిలోకి దిగేముందు మేం
ఇత్తడి బిళ్ళ బోర్డుకు తగిలించేవాళ్ళం.
పైకొచ్చి తీసుకునేవాళ్ళం.
బిళ్ళ మిగిలిందంటే కింద మనిషి ఉన్నట్టు.
ముప్పైరెండేళ్ళు ఆ బోర్డు చూసినవాణ్ణి,
నాకెందుకు తట్టలేదు,
బోర్డు ఖాళీగా ఉందంటే
ఆ రోజు ఎవరూ దిగనేలేదనీ కావచ్చని?

తిల్కా తిట్టలేదు.
వేలికి దారం చుట్టుకుంటూ అడిగింది,
"దాన్ని ఎప్పుడైనా తిరిగి ఇమ్మని అడిగావా?"
లేదు.
"ముడేశాక ఒకసారి లాగి చూడాలి కదయ్యా."

కొత్తగా మొదలుపెట్టాను. సున్నా పాయింటు మూడు శాతం.
ఇప్పుడు ప్రతి ఆదివారం, చర్చి నుంచి రాగానే,
ఒక్కటి, ఏదో ఒక్కటి, తిరిగి ఇమ్మంటాను.
అచ్చు తీసి తిల్కా దిండు మీద పరుస్తాను.
ఉత్తరాలు చదవడం మానేశాను.

మొన్న వచ్చింది రెండువేల నూట ఏడు.
మూలన కాఫీ కప్పు ముద్ర.
ముక్కలై, తాళాలు పడి,
పేరు తెలియని దేశంలో ఏ మేడలోనో పడుకుని
వెనక్కొచ్చింది,
గుండ్రం చెడకుండా.

తిల్కా కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుంది.
"అమ్మ కాఫీ ముట్టేది కాదే."

చాలాసేపు ఇద్దరం ఆ వలయాన్నే చూశాం.
తర్వాత ఆమె మొదటి గుండుసూది గుచ్చింది,
వలయం దగ్గర కాదు,
దానికి కాస్త ఇవతల.