చివరి బల్ల

ముప్పై ఒక్క ఏళ్లు నా కొలువు తప్పు పట్టడం.
ఫెల్గెయిరాష్ కొండవాలున, రొట్టెల బట్టీ వెనక షెడ్డు,
పంతొమ్మిది మందిమి, రోజుకి రెండొందల జతల బూట్లు.
అన్నీ వరసగా వచ్చి నా బల్ల మీద ఆగేవి.
బొటనవేలితో మడమ నొక్కి,
లోపలికి చెయ్యి పెట్టి మేకు మొన కోసం తడిమి,
వంక ఉన్నదానికి పసుపు సుద్దతో ఒక గీత.
గీత పడ్డవాళ్లు ఆ పూట నాతో కాఫీ తాగేవాళ్లు కారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో డెన్మార్క్ నుంచి
ఆరొందల నలభై జతలు తిరిగొచ్చాయి.
నేను చూసి పంపినవే. గీత గీయనివే.
తొడిగిన పదో రోజుకి పక్క కుట్టు వదిలి
నోరు తెరిచాయట.

అడేరితు గారు కేకలెయ్యలేదు. అందుకే భయమేసింది.
ఆయన కూతురు లియొనీల్ద ఒక స్టూలు తెచ్చుకుని
కుట్టుమిషన్ల మధ్య కూర్చుంది, ఒళ్లో బడిపిల్లల నోటుపుస్తకం.
"ఎవరు?" అనలేదు. "ఎందుకు?" అంది.
కుట్టు ఎందుకు వదిలింది?
అంచుకి మరీ దగ్గరగా పడింది గనక.
ఎందుకు పడింది?
మూడో మిషన్ మీద, అదీ సాయంత్రాలు మాత్రమే.
సాయంత్రాలే ఎందుకు?
జుల్మీర చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పడమటి కిటికీ వైపు గడ్డం ఎత్తింది.
"నాలుగు దాటితే ఎండ కళ్లలో పడుతుంది.
సూది కనపడదు. అలవాటు మీద కుడతా."
మరి చెప్పలేదేం?
"ఎవరడిగారు?"

అక్కడ తెర ఉండేది. కరెంటు కలిసొస్తుందని
తొమ్మిదేళ్ల కిందట తీయించింది అడేరితు గారే.
టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డారు.
కొత్త తెర పద్దెనిమిది యూరోలు. సంతలో కొన్నాం.

దీనికి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి.
లియొనీల్ద పోర్తోలో చదివొచ్చింది, గోడకి గ్రాఫులు అంటించింది.
సగం నాకు అర్థం కాలేదు. ఒకటి మాత్రం అయింది:
చేతులు కాలాక ఆకులు పట్టుకునే బల్ల, నాది.

ఇప్పుడు సుద్దముక్క అందరి జేబుల్లోనూ ఉంది.
తన పనికి వంక తనే పెట్టుకుని వరస ఆపేయొచ్చు.
మొదటివారం ఎవరూ ఆపలేదు.
రెండో సోమవారం, జిగురు రాసే ఎల్దర్,
అందరికన్నా చిన్నవాడు, చెయ్యెత్తాడు.
మిషన్లన్నీ ఆగాయి.
బట్టీలో రొట్టెలు దించే చప్పుడు
ఈ షెడ్డులోంచి మొదటిసారి విన్నాను.

నా బల్ల తీసేశారు. కోపం రాలేదంటే అబద్ధం.
తోళ్లు దిగే గుమ్మం దగ్గర కూర్చోమన్నారు.
అక్కడ తోలు ఇంకా పశువు వాసనే వేస్తుంది.
ముళ్లకంచె గీరిన చార, జోరీగ కుట్టిన చుక్క,
కళ్లకన్నా ముందు వేళ్లకి తెలుస్తాయి.

డెన్మార్క్ వాళ్లు మళ్లీ రాశారు.
జతకి రెండు యూరోలు తగ్గించమంటున్నారు,
ఎక్కడో ఇంకా చవకట.
లియొనీల్ద ఇంకా జవాబు రాయలేదు.
నాలుగైంది.
జుల్మీర లేచి తెర లాగింది.