మూడో అంతస్తు, నలభై ఒకటో గడి

చీకటి పడే వేళకి
అమగాసాకిలో, ఇనప షెడ్ల వెనక,
ఆకుపచ్చ వల ఒకటి వెలుగుతుంది.
దూరం నుంచి చూస్తే
ఆకాశానికి దోమతెర కట్టినట్టుంటుంది.

నేను బంతులేరే బండి తోలుతాను.
చుట్టూ ఇనపజాలీ. లోపల నేనూ, ఓ చిన్న ఫ్యానూ.
పైనుంచి బంతులు పడుతుంటాయి
వడగళ్లలా.
కాదులే, వడగళ్లు గురి చూసుకోవు.
వీళ్లు చూసుకుంటారు. నా బండికే.
ఠంగుమంటే మూడంతస్తుల్లోనూ చిన్న నవ్వు.
పన్నెండేళ్లుగా తింటున్నాను ఈ దెబ్బలు,
ఒక్కటీ నన్ను తాకలేదు.

మూడో అంతస్తు, నలభై ఒకటో గడి: ఇసోజిమా గారు.
లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం.
పగలంతా తాళ్లూ, పళ్లచక్రాలూ,
గోతిలో దిగి టార్చిలైటూ.
సాయంత్రం రెండు వందల బంతులు, ఒకటే కర్ర,
ఏడో నంబరు ఐరన్.
బంతి లేచిన ఆ కాసేపు
గడ్డం కొంచెం ఎత్తి చూస్తాడు,
తాను పంపిన లిఫ్టు
ఏ అంతస్తులో ఆగుతుందోనన్నట్టు.

ఎప్పుడైనా అసలు మైదానానికి వెళ్లారా
అని అడిగాను, టీ డబ్బాల యంత్రం దగ్గర.

వెళ్లాడట. ఒక్కసారి. కంపెనీ వాళ్లతో, సందా కొండల్లోకి.
"మొదటి బంతే వెదురు పొదలో పడింది.
వెతుకుతుంటే వెనక నలుగురొచ్చి నిలబడ్డారు.
ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం ఇప్పటికీ నా వీపు మీదే ఉంది."
టీ సగం తాగి మూత బిగించాడు.
"అక్కడ ప్రతి దెబ్బకీ ఓ అంకె పుడుతుంది, ఉరాబె గారూ.
ఇక్కడ కొట్టింది కొట్టినట్టే మాసిపోతుంది."

జనం మాట వేరు.
ఒడ్డున ఈత అంటారు.
ముహూర్తం పెట్టని పెళ్లిచూపులంటారు.
నేనూ అన్నవాణ్ణే.

రెండో అంతస్తులో హొనామి అనే అమ్మాయి.
కట్టుడు పళ్లు చేస్తుంది, గోళ్ల కింద తెల్లటి పొడి.
ఆమె కొట్టే తీరు చూసి
పక్క గడి పెద్దమనిషి ముచ్చటపడి
ఓ ఆదివారం మైదానానికి తీసుకెళ్లాడు.
సోమవారం ఆరింటికల్లా ఇక్కడే ఉంది.
ఎలా ఉందమ్మా అంటే
"నేల ఏటవాలుగా ఉందండీ" అంది.
బుట్టెడు బంతులు అయిపోయాక, తనంతట తనే,
"గడ్డిలో చిన్న చిన్న పూలున్నాయి.
వాటి మీద కొట్టబుద్ధి కాలేదు."

సెప్టెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది.
గాలి కంటే ముందే వల దించాలి,
లేకపోతే స్తంభాలే విరిగిపోతాయి.
మధ్యాహ్నానికి దించేశాం.
వల పోగానే
అవతల ముకో నది. వంతెన. రైలు దీపాలు.
పన్నెండేళ్లలో నది ఇంత దగ్గరుందని
నాకెవరూ చెప్పలేదు.

మూసేశామన్నా ఇసోజిమా గారొచ్చారు.
బంతులివ్వలేం సార్ అన్నాను.
తెలుసన్నాడు. మెట్లెక్కి వెళ్లాడు.
నలభై ఒకటో గడిలో నిలబడి,
తొడుగు వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుని,
ఖాళీ చాప వైపు వంగి
కొట్టాడు.

అడ్డమేమీ లేదు.
చినుకులు మొదలయ్యాయి.
తాళ్లు చుడుతున్నవాణ్ణి, చేతిలో పని వదిలేసి
నది వైపు చూశాను,
ఎక్కడ పడుతుందోనని.

పైనుంచి కేకేశాడు:
"ఎలా వెళ్లింది?"

"కొంచెం కుడికి" అన్నాను.

తలూపాడు. ఎడమ బొటనవేలు
పిడి మీద ఓ నూలుపోగంత జరిపి
మళ్లీ నిలబడ్డాడు.