రసమట్టం

క్వార్ట్జ్‌సైట్ ఎడారిలో పదకొండో పొద్దు.
పెనంలో గుడ్డు మళ్ళీ ఎడమకే జారింది.
వెర్నా పొయ్యి ఆర్పి, మోకాళ్ళమీద వంగి
బండి కిందికి చూసింది:
ముందరి జాకీ పాదం చుట్టూ
ఇసుక ఎర్రగా నానింది.

"దుంగలు పెట్టకుండా దూరకు"
నూనె డబ్బామీద వెండెల్ రాత.
పెట్టింది. దూరింది.
పక్క బండి హెక్టర్ టార్చి పట్టుకుని
సలహాలు ధారగా కార్చాడు.

కడ్డీ ఊడదీస్తే బయటపడింది
నల్లగా, పెళుసుబారి,
గోరు తగిలితే విరిగే రబ్బరు చుట్టు.
ఇంతేనా?
తొమ్మిది టన్నుల ఇల్లు
దీన్ని నమ్ముకునా నిలబడింది!

కొత్త సీలుకి నూనె పూసి
పెదవి లోపలికి తిప్పి కూర్చోబెట్టింది.
గాలి పోయేదాకా
లేపింది, దించింది, మళ్ళీ లేపింది.
రసమట్టంలో బుడగ
తడబడి, తడబడి, నడుమ ఆగింది.
హెక్టర్ చప్పట్లు కొట్టబోయి
టార్చి జారవిడిచాడు.

రాత్రి మంచం సమంగా ఉంది.
ఇన్నాళ్ళూ వాలుకి దొర్లి దొర్లి
వెండెల్ ఖాళీ చోట తెల్లవారేది తనకి.
ఇవాళ ఎటూ దొర్లలేదు.

రెండింటికి లేచి
చీకట్లోనే మీట వెతుక్కుని
ఎడమకి
ఒక్క అంగుళం దించింది.