ఇరవై తొమ్మిదో రోజు

మా ఐజ్వాల్ కొండ మీద
చావుకి మైకుంది.
ఎవరి ఊపిరాగినా గంట తిరక్కుండా
పేరు, పేట, పూడ్చే వేళ
వాన హోరుని దాటుకుని వినిపిస్తాయి.
కుర్రాళ్ళు పారలందుకుంటారు.

జబ్బుకి మాత్రం మైకు లేదు.
రిపోర్టు కవరు పరుపు కిందికి పోతుంది.
"కాస్త కడుపుమంట," అంటాం.

అందుకే నేను. జోదిన్‌పుయిని, రిజిస్ట్రీ గుమాస్తాని.
పన్నెండేళ్ళు సుమో వెనక సీట్లో
ఒళ్ళో బైండు పుస్తకంతో తిరిగాను.
ఆసుపత్రుల్లో టీ ఇచ్చేవారు,
లెక్క ఇచ్చేవారు కాదు.
ఇప్పుడు చట్టమొచ్చింది:
చూసిన డాక్టరూ, ముక్క కోసిన ల్యాబూ చెప్పి తీరాలి,
ముప్ఫై రోజుల్లో పుస్తకానికెక్కాలి.
కాగితాలే నా మెట్లెక్కి వస్తున్నాయి.

మనుషుల్ని అంకెలు చేస్తానని
మా పాస్టరుగారికి నా మీద కొంచెం కోపం.
ఏం చెప్పను?
ఒకే లోయలో పదకొండు గొంతులు
ఒకే గడిలో పడ్డాకే
పైవాళ్ళు మ్యాపు వంక చూశారు,
ఎండోస్కోపీ బండి ఆ బురద ఘాటెక్కింది.

పోయిన నెల ఓ సోమవారం, కట్టలో నాలుగో కాగితం.
థాంగ్‌ఖూమి. ఆడ. అరవై ఏడు. అన్నవాహిక.
ఇంటి నంబరు చదవక్కర్లేకపోయింది.
క్వయిర్ ప్రాక్టీసని వెళ్ళిన గురువారాలు
అమ్మ ఎక్కడ కూర్చుందో
ల్యాబు ముద్ర చెప్పింది.

ఏడో గడి: అలవాట్లు.
తుయిబుర్. పొగాకు పొగ పట్టించిన నీళ్ళు,
బుగ్గన పట్టి ఉమ్మేసేవి.
ఎన్నేళ్ళుగా?
నాకు తెలుసు. నా పదో ఏట నుంచీ
శనివారం బజార్లో ఆ సీసా కొన్నది నేనే,
మిగిలిన చిల్లరకి నిమ్మబిళ్ళలు.
తెచ్చిపెట్టిందెవరన్న గడి
ఈ ఫారంలో లేదు.

కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను,
ఆలస్యం చేసిన డాక్టర్లకి నోటీసులు రాసే చేత్తోనే.
చదివింది బయట చెప్పనని
సంతకం చేసి ఉన్నాను.
అమ్మ "బయట" కిందికి వస్తుందా?
రాత్రి ఆవిడ అన్నం మెత్తగా పిసుక్కుని
ఒక్కో ముద్దకీ మంచినీళ్ళు తాగుతుంటే
కొండచరియలు విరిగిన రోడ్డు గురించి మాట్లాడుకున్నాం.

ఇవాళ ఇరవై తొమ్మిది.
సొరుగు తీశాను.
పేరు నా దస్తూరీలోనే రాశాను, ఎప్పట్లాగే నీలి సిరాతో,
ఏడో గడిలో: నలభై ఏళ్ళ పైమాట.

గుమాస్తా పని అయిపోయింది.
ఇంటికెళ్ళి ఏమనాలో చట్టం రాయలేదు.
బజారు మలుపులో ఆగి
నిమ్మబిళ్ళలు కొన్నాను.
ఒకటి నోట్లో వేసుకుని
ఎత్తుమెట్లు ఎక్కుతున్నాను.