రాయికి పైన

సేటు ఫోన్ల చెప్పే మాట ఒక్కటే,
"రాయికి పైన వెయ్యి, కుర్మమ్మా."
రాయంటే మొక్కే రాయి కాదు, హద్దు రాయి.
నిండితే నీళ్ళు ఈడిదాకా అని
ప్రాజెక్టోళ్ళు పాతి పోయిండ్రు.
సున్నం రాలింది, అంకెల్ల నాచు పట్టింది,
ఇప్పుడు దానిమీద నేను దుప్పట్లు ఆరేస్త.

శనివారం ఆరు గుడారాలు.
ఒక్కోదానికి పన్నెండు మేకులు.
సోమశిల కంకర నేల, సుత్తి దెబ్బకు
మేకు వంగుతది గాని దిగదు.
చెంబెడు నీళ్ళు పోసి, కాసేపు నిలబడి,
మెత్తబడ్డంక కొట్టాలె.
నేలను బతిమాలినట్టే ఉంటది.

కొల్లాపూర్ దాటి దుమ్ము లేపుకుంట వస్తరు.
దిగంగనే అడుగుతరు,
బాత్రూం ఏడ, చార్జింగ్ ఏడ, మొసళ్ళున్నయా.
మొదటి రెండింటికి రేకుల షెడ్డు చూపిస్త.
మూడోదానికి నవ్వుత.

పోయిన వారం ఉప్పల్ నుంచి ఒకాయన, భార్య,
ఆరేండ్ల పిల్లగాడు.
జొన్నరొట్టె తిన్నరు, చేప ముల్లు తీసుడు నేర్చుకున్నరు,
పిల్లగానికి నిద్ర రాలే.
ఫ్యాన్ సప్పుడు లేదని ఏడ్పు.
తండ్రి ఫోన్ల ఫ్యాన్ సప్పుడు పెట్టిండు
(నిజం, అసొంటిది దొరుకుతదట).
లేని ఫ్యాను లోపల గిర్రుగిర్రున,
బయట కృష్ణ తన పని తాను చేసుకుంట,
నల్లమల దిక్కుకెల్లి గాలొచ్చి
గుడ్డను ఒక్కసారి లోపలికి పీల్చి ఇడిసింది.
నడిజాముకు ఫోన్ సచ్చిపోయింది.
వాడు లేవలే.
ఆ సప్పుడు ఆగినంక
నాకే నిద్ర పట్టలే.

మా అవ్వ ఈడికి రాదు.
"పైసలిచ్చి డేరాల పండుతరానే?" అని
ముందు పళ్ళు లేని నోటితోని నవ్వుతది.
ఊరు మునిగిన యాడాది
గోనెపట్టాల కింద రెండు వానకాలాలు ఎల్లదీసింది.
మా పెద్దన్న అండ్లనే పుట్టిండు.
బొడ్డు కోసేతందుకు ఎలుగు లేక
ఎవరో లారీ ఆపి లైట్లేసి నిలబడ్డరట.
ఆ ముచ్చట చెప్తూ ఏడ్వదు,
లారీ డ్రైవర్ పేరు యాదికొస్తలేదని మాత్రం
నొసలు కొట్టుకుంటది.

"నీ డేరాల దోమలు రావట గదా" అంటది మళ్ళ.
రావవ్వా, జిప్పుంటది.
"జిప్పు" అని రెండుసార్లు అనుకుంటది,
కొత్త కూర పేరు ఇన్నట్టు.

ఎండకాలం నీళ్ళు గుంజితే
రాయి కింద మొండిగోడలు తేల్తయి.
అప్పుడొస్తది, కట్టె పట్టుకొని.
రాయి దాటి, దిగి దిగి,
మా రోలు కాడ కూసుంటది.
అంచు పగిలింది, సగం ఒండ్రుల ఉన్నది,
ఎత్తుకపోదామంటే ఇనదు.
"దాని జాగల అది ఉన్నది. నేనే..." అని ఆపి
రైకలకెల్లి పొగాకు తీస్తది.
నిరుడు ఒకామె రోలు పక్కన ఫోటో దిగింది.
అవ్వను కొంచెం జరగమన్నది.
జరిగింది.

ఉప్పల్ పిల్లగాడు పొద్దుగాల
చాయ్ పొయ్యి కాడికొచ్చి అడిగిండు,
"ఈ టెంట్లు మీవేనా?"
సేటువి బిడ్డా.
"నది?"
చాయ్ పొంగింది. దించిన.

పదకొండుకు అందరు పోతరు.
లోపల మిగిలినయి తీసిపెడ్త.
ఒంటి కమ్మ, బీపీ గోలీల అట్ట,
కుడికాలి చిన్న చెప్పు.
అడిగేతందుకు ఎవ్వరూ ఫోన్ చెయ్యరు.
చెప్పు మాత్రం రాయి మీద పెట్టిన, కనిపిస్తదని.

మేకులు పీకుత. డెబ్బై రెండు.
ఒక్కటి తక్కువైనా సేటు కూలిల కోస్తడు.
గుంతలు మడిమెతోని తొక్కి పూడుస్త,
ఈడ గొల్లోళ్ళ మేకలు మేస్తయి, కాలు ఇరికితే కష్టం.
గుడ్డ మడత పెట్టంగ లోపలి గాలి తొందరగ పోదు.
మోకాళ్ళేసి అదిమి కూసుంటే
ఎవరో పండుకున్నోళ్ళ ఊపిరి లెక్క
మెల్లగ పోతది.

నీళ్ళు రాయికి ఇంకా రెండు బారల దూరం.
సేటు ఫోన్ చేసిండు,
వచ్చే శనివారం ఎనిమిదట.
వంగిన మేకులు ముందలేసుకొని
ఒక్కొక్కటే సక్కగ చేస్తున్న.