ఊతపదం

గుణుపురం స్టేషన్ ఎదురుగా
నాది జిరాక్స్ కొట్టు.
ఒడియా దరఖాస్తులు, తెలుగు శుభలేఖలు,
ఏ భాష కాగితమైనా
ఒకే వెలుతురు మీద బోర్లా పడుకుంటుంది.

ఢిల్లీ నుంచి ముగ్గురొచ్చారు.
ఒక కెమెరా, ఒక గొడుగు,
కర్ర చివర బొచ్చు తొడుక్కున్న మైకు.
చచ్చిన ముంగిసనుకుని మా కుక్క రెండ్రోజులు మొరిగింది.
రోజుకి తొమ్మిదొందలిచ్చి
నన్ను నోరుగా పెట్టుకున్నారు.

తెల్లారగట్ల రైలుకి
కొండమీది సవర ఊళ్లు ఇటుకబట్టీలకి కదులుతాయి.
డేగిసాలు, దుప్పట్లు, నిద్రలో నడిచే పిల్లలు.
ఎవరు ఎంత బయానా తీసుకున్నారో
ఎవరెప్పుడు బండెక్కారో
అంతా ఒక ఎర్రట్ట పుస్తకంలో ఉంటుంది.
ఆ పుస్తకం రాసేవాడు దండాసి.

ముఠా సర్దారు దగ్గర పదహారేళ్ల గుమస్తా.
ఏం మాట్లాడినా చివర "లెక్కకి లెక్క" అనాల్సిందే.
"వానొచ్చేలాగుంది, లెక్కకి లెక్క."
"మా ఇంటిదానికి జొరం, లెక్కకి లెక్క."
టీ బడ్డీ కుర్రాళ్లు అతన్ని అనుకరించి
అతని చేతే టీ తాగించుకునేవారు.

ఒక రాత్రి షట్టరు సగం దించి
ఆ పుస్తకం నా అద్దం మీద పెట్టాడు.
నూట నలభై పేజీలు.
ఆకుపచ్చ గీత ఒకటి
పేర్ల కింద పాక్కుంటూ వెళ్లింది.
"సొంబారి. పెద్దలు రెండు, చిన్నది ఒకటి."
పక్కన తేదీ. తేదీ పక్కన సున్న.
సున్నంటే ఏటని అడిగాను.
"తిరిగి రానేదు" అన్నాడు.
ఆ మాటకి తోక తగిలించలేదు.

మర్నాడు వెలుగుకి వీపు పెట్టి కూర్చోబెట్టారు.
మొహం నల్లగా చేసేస్తాం,
గొంతు మార్చేస్తాం,
కన్నతల్లి కూడా పోల్చుకోలేదని
ఆ అమ్మాయి హిందీలో మాటిచ్చింది.
తెలుగులో ఆ మాటిచ్చింది నేను.

రెండు నెలలకి ఫోను:
"ఈయన మాటిమాటికీ ఏదో అంటున్నాడు, ఏంటది?"
కొట్టునిండా జనం. చేతిలో ఎవరిదో ఆధార్ కార్డు.
"దానికి అర్థమేం లేదండీ,
ఊతపదం, వదిలేయండి" అన్నాను.
వదిలేశారు,
తెర కింద నడిచే ఇంగ్లీషు అక్షరాల్లోంచి.

ఆదివారం రాత్రి వేశారు.
బెహరా టీవీ రిపేరు షాపు ముందు వీధంతా కూర్చుంది.
గ్లోబు తిరిగింది,
ఎక్కడివో యుద్ధాలు, ఎవరివో వరదలు,
ఆపైన మా ప్లాట్‌ఫారం, మా ఇనుప బెంచీ.
ఈలలు.
తర్వాత ఒక నల్లటి ముద్ద వచ్చి కూర్చుంది.
నూతిలోంచి వస్తున్నట్టు గొంతు:
"మనిషికి ఇరవై వేలు, లెక్కకి లెక్క."

ఈలలు ఆగాయి.
ఎవరూ అతని పేరెత్తలేదు.
ఎత్తకపోవడంలోనే తెలిసింది.
టీ బడ్డీ కుర్రాడొకడు అలవాటుగా నవ్వబోయి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సినిమా మంచిదే. అబద్ధం ఒక్కటీ లేదు.
కలెక్టరాఫీసు జీపు కదిలింది.
ఒక బట్టీ నుంచి పదకొండుమంది తిరిగొచ్చారు.
అదీ చెప్పాలి.

బుధవారం ఎవరో మనిషొచ్చి
తెల్లకాగితం ఒకటిచ్చి యాభై కాపీలన్నాడు.
ఇందులో ఏమీ లేదండీ అన్నాను.
తియ్యి, అన్నాడు.
ఖాళీ మీద ఖాళీ వచ్చి పడుతుంటే
నించుని చూశాడు.
నోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి
"లెక్కకి లెక్క" అని
వెళ్లాడు.

మొన్న దండాసి వచ్చాడు.
ఇప్పుడు పనిలేదు.
రేషన్ కార్డు, నాలుగు కాపీలు.
ఎనిమిది రూపాయలన్నాను.
పదిచ్చాడు. రెండు తిరిగిచ్చాను.
చిల్లర అరచేతిలో చూసుకుని నోరు తెరిచాడు.
ఆ మాట రావాల్సిన చోట
పెదాలు కదిలి
మూసుకున్నాయి.