లేచెను

పునరుత్థానం పండగనాడు
చింతలగూడ పాకలో మా నాన్న చేసిన ప్రసంగంలో
నాకిప్పటికీ ఒక్క మాటే గుర్తు:
"ఆయన లేచెను."
సవర ముసలాళ్ళు ఆ మాటని
కరక్కాయ ముక్కలా బుగ్గన పెట్టుకున్నారు.

మూడేళ్ళు తిన్నాం వాళ్ళతో.
చోడి అంబలి, వెదురు కొమ్ముల కూర,
కొండచీపుళ్ళు అమ్మొచ్చిన రోజైతే ఎండు నెత్తళ్ళు.
అడ్డాకు విస్తరి కుట్టడం నాకు సుక్కాయి నేర్పింది.
పుల్ల గుచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టమనేది,
ఆకు చిరక్కుండా.
ఆమె కుట్టిన విస్తట్లోంచి పులుసు కారగా
నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం
వంశధార దాటి రెండెడ్ల బండి వచ్చింది.
చికాకోలు సంఘం పెద్దలు, ముగ్గురు.
ఒకాయన చేతిలో గొడుగు.
ఒకాయన చేతిలో మరచెంబు,
తన నీళ్ళు తనే తెచ్చుకున్నాడు.
నదిలో మునిగి లేచి ఇరవయ్యేళ్ళట.
కులాన్ని మాత్రం తడవకుండా
తలపాగాలో దాచుకున్నట్టున్నారు.

పంక్తి సగం నడిచింది.
నాన్న చేతిలో ముద్ద.
మరచెంబు ఆయన గుమ్మంలో నిలబడి
"ఏమండీ, ఓబద్యా గారూ" అన్నాడు.
అంతే. ఇంకేమీ అనలేదు.
ఏ వీధివాళ్ళు మా తాత దోసిట్లోకి
ఎత్తునుంచి నీళ్ళు పోశారో
ఆ వీధి మనిషి
మా నాన్నని "గారూ" అన్నాడు.

మా నాన్న లేచెను.

ముద్ద విస్తట్లోకి జారింది.
చెయ్యి కడుక్కుని, బయట చాప మీద
వాళ్ళ పక్కన కూర్చున్నాడు.
పక్కనంటే, మూరెడు ఎడంగా.
అమ్మ లేచింది.
బడిలో పలకలు తుడిచే మా దీనసుందరం లేచాడు.
నేనూ లేచాను.
తొమ్మిదేళ్ళదాన్ని, నాకేం తెలుసని
చాలాకాలం చెప్పుకున్నాను.
తెలుసు.
సుక్కాయి మొహం చూడకుండా లేచాను కదా.

ఎవరూ నోరెత్తలేదు.
డప్పు వాయించే ఎండయ్య ఒక్కడే అడిగాడు:
"ఏసుబాబు కూడా బయటే కూకుంతాడేటి?"
కోపంగా కాదు, తెలుసుకుందామని.
అలాగైతే ఆయనకీ ఓ చాప వెయ్యాలి కదా అని.

పెద్దలు లెక్క రాసుకున్నారు.
బాప్తిస్మాలు పదకొండు, మార్చిన పేర్లు తొమ్మిది.
జీలుగు కల్లు ఆపాలి. డప్పు ఆపాలి.
చెవులకి అన్నేసి పోగులెందుకు?
పొద్దువాలకముందే బండి కట్టించారు.
నది ఇవతల చీకటి పడితే భయమట.

సుక్కాయి మా విస్తళ్ళు తియ్యలేదు.
నాలుగు ఆకులు, సగం తిన్నవి, వరసలో అలాగే.
మడవలేదు కూడా.
మడిస్తే భోజనం అయిపోయినట్టు.
చీమలు వచ్చాయి,
పెద్దా చిన్నా లేకుండా ఒకే బారున.

ఆ రాత్రి నాన్న లాంతరు లేకుండా
పాకలోకి వెళ్ళడం చూశాను.
విస్తరి ముందు కూర్చున్నాడో,
నిలబడి తిరిగొచ్చేశాడో,
అప్పటికి నిద్రపోయానని
అడిగినవాళ్ళకి చెప్తాను.

ఇలాంటి భోజనం మొదటి సంఘాల్లోనే ఒకటి జరిగిందని,
పెద్ద శిష్యుడే పంక్తిలోంచి జారుకున్నాడని,
మొహమ్మీదే నిలదీసినవాడు ఒకడున్నాడని
నర్సు ట్రైనింగు రోజుల్లో చదివాను.
ఆయన బాగా చదువుకున్నవాడు, వాదించగలడు.
మా పాకలో అడిగినవాడికి
డప్పొకటే వచ్చు,
అదీ ఆపమన్నారు.

పాలకొండలో ఇప్పుడు మాది స్లాబు చర్చి.
పండగ తెల్లవారుజామున పాస్టరుగారు
"ఆయన లేచెను" అంటారు.
"నిజముగా లేచెను" అని అందరూ ఒక్క గొంతుతో.
నేనూ అంటాను, కాస్త వెనకబడి.
ముందు
ఎవరి పక్కన కూర్చున్నానో చూసుకుని.